తెలిసీ తిప్పుకోలేని చూపు

చూస్తే నిద్ర పట్టదని తెలుసు. అయినా చూడకుండా ఉండలేం. కొడుకు గల్ఫ్‌లో, తల్లి భీమ్‌గల్‌లో, ఇద్దరి మధ్యా చేతిలో ఇమిడే ఫోను. మనసును కోసే దృశ్యం మీంచి కన్ను ఎందుకు మరలదు? మరలాలంటే ఏం కావాలి? ఆదివారం ప్రత్యేక కథనం.

చాటలో సగం చుట్టిన బీడీలు అలాగే ఉన్నాయి. తడిపి పెట్టుకున్న తునికాకు ఆరిపోతోంది. తంబాకు డబ్బాకు ఆనించిన ఫోనులో రాత్రి ఆకాశం, అందులో ఒకదాని వెనక ఒకటిగా నిప్పు చారలు. 2025 జూన్ 23, రాత్రి పది దాటింది. ఖతర్‌లోని అల్ ఉదెయిద్ స్థావరంలో అమెరికా దళాలున్నాయి. దాని మీదికి ఇరాన్ క్షిపణులు వదిలిన రాత్రి అది. ఖతర్ అప్పటికే తన గగనతలాన్ని మూసేసింది. భీమ్‌గల్‌లో బీడీలు చుట్టే ఆ ఇల్లాలి కొడుకు దోహాలో కట్టడాల పనిలో ఉన్నాడు.

పదకొండున్నరకు కొడుకే ఫోన్ చేశాడు. "మాకేం గాలె అమ్మా, రూములనే ఉన్నం. పరేషాన్ గాకు, పండుకో" అన్నాడు. ఆమె సరేనంది. మాట ముగిశాక మళ్లీ అదే వీడియో తెరిచింది. అది అయిపోతే ఇంకొకటి వచ్చింది. అవే మంటలు, ఇంకో కోణంలోంచి. కోడలు లేచి వచ్చి లైటు తీసేసినా, చీకట్లో ఫోను వెలుగు మాత్రం మిగిలింది. తెల్లవారుజామున మూడింటి దాకా ఆమె చూస్తూనే ఉంది.

కొడుకు క్షేమమని తెలిశాక ఇంకెందుకు చూశావమ్మా అని అడిగితే కాసేపు దారం చుట్టుకుంటూ ఊరుకుంది. "ఏమో బిడ్డా. సూడొద్దు సూడొద్దు అనుకుంటనే సూసిన. కండ్లు మూస్తే అదే కనవడె. గట్ల గాబరయ్యేకంటె తెరిసి సూసుడే నయమనిపించింది. వాడాడ ఉంటే, నేనీడ ఎట్ల పండుకుంట?"

ఆ దాడిలో ప్రాణనష్టం జరగలేదు. మర్నాటికి కాల్పుల విరమణ ప్రకటన కూడా వచ్చింది. కానీ ఆ రాత్రి ఆర్మూర్, బాల్కొండ, భీమ్‌గల్ పల్లెల్లో ఎన్ని ఇళ్లలో ఇలాగే ఫోన్లు వెలుగుతూ ఉండి ఉంటాయో ఊహించడం కష్టం కాదు. చెడు వార్తల వెంట వేలు ఆగకుండా జారిపోయే ఈ అలవాటును ఇప్పుడు అందరూ ‘డూమ్‌స్క్రోలింగ్’ అంటున్నారు. నగరాల్లో దీన్ని సెలవు రోజు దుర్వ్యసనంగా, క్రమశిక్షణ లేకపోవడంగా మాట్లాడుకుంటారు. గల్ఫ్ పల్లెల్లో దీని కథ వేరు. ఇక్కడ తెర మీద కాలుతున్నది తమ ఇంటి మనిషి ఉన్న ఊరు.

ఉత్తరాల కాలం నుంచి వీడియోల కాలానికి

లింబాద్రి గుట్ట మీద నరసింహస్వామి, కార్తీకంలో జాతర, చుట్టూ పసుపు, మక్క, వరి, ఇంటింటా బీడీల చాట: ఇదీ భీమ్‌గల్. 2018లో మున్సిపాలిటీ అయింది. ఈ ఊరికి కనపడని ఇంకో వాడ సముద్రం అవతల ఉంది. 1970లలో చమురు ధరలు పెరిగి గల్ఫ్ దేశాల్లో కట్టడాలు లేచినప్పటి నుంచి ఉత్తర తెలంగాణ మగవాళ్లు అటు వెళ్తూనే ఉన్నారు. నీళ్లందని పొలం, బోరు కోసం చేసిన అప్పు, చెల్లెలి పెళ్లి, ఏజెంటుకు కట్టిన డబ్బు. కారణం ఏదైనా దారి ఒకటే అయింది. నిజామాబాద్, జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్, కామారెడ్డి జిల్లాల్లో గల్ఫ్‌తో చుట్టరికం లేని ఊరు దొరకడం కష్టం.

1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లోకి చొరబడినప్పుడు అక్కడ లక్షా డెబ్బై వేల మందికి పైగా భారతీయులు చిక్కుకున్నారు. ఎయిర్ ఇండియా 59 రోజుల్లో 488 విమానాలు నడిపి వాళ్లను ఇంటికి చేర్చింది. ఆ రోజుల్లో ఊళ్లో ఉన్న తల్లికి చూడటానికి ఏమీ లేదు. రేడియో వార్తలు, మర్నాటి పేపరు, రాని ఉత్తరం. ఆ ఎదురుచూపు చిన్న బాధ కాదు. ఏ కబురూ లేక నెలల తరబడి కుమిలిపోయిన ఇళ్లు ఎన్నో. అప్పటి నరకం ఏమీ తెలియకపోవడంలో ఉండేది.

తర్వాత ఎస్‌టీడీ బూత్‌లు వచ్చాయి. ఆ తర్వాత సెల్‌ఫోన్లు. 2003, 2004 ప్రాంతంలో 24 గంటల తెలుగు వార్తా ఛానళ్లు మొదలయ్యాయి. 2016 సెప్టెంబరులో జియో రావడంతో డేటా చవకైంది. ఇంటర్నెట్ పల్లెలోని ఆడవాళ్ల చేతికి వచ్చింది. ఇమోలోనో వాట్సాప్‌లోనో మొహం చూసుకుని మాట్లాడుకునే వీలు దొరికింది. మనవడి మొదటి అడుగులు దుబాయ్‌లో ఉన్న తండ్రి చూడగలిగాడు. ఇది చిన్న వరం కాదు. అదే ఫోను, అదే తెర, అదే వేలు కదలికతో యుద్ధం, అగ్నిప్రమాదం, మార్చురీ ఫోటో కూడా ఇంట్లోకి వచ్చాయి.

2024 జూన్ 12న కువైట్‌లోని మంగాఫ్‌లో కార్మికులు ఉండే భవనం తెల్లవారుజామున అంటుకుంది. రెండు రోజుల తర్వాత 45 మంది భారతీయుల మృతదేహాలను వాయుసేన విమానంలో తీసుకొచ్చారు. మృతులు ఎక్కువమంది కేరళ వాళ్లు. కానీ ఆ మంటల వీడియో చూడని గల్ఫ్ కుటుంబం నిజామాబాద్ జిల్లాలో ఉండకపోవచ్చు. మంచం మీద మంచం వేసుకుని పడుకునే గది, కిటికీలోంచి పొగ. తన భర్త పడుకునే గది కూడా అలాంటిదే అని తెలిసిన ఆడమనిషి ఆ వీడియోను ఒక్కసారి చూసి ఊరుకోలేదు.

> కళ్లు లేని రాజు, కళ్లను తిట్టుకున్న మనిషి
>
> కురుక్షేత్రానికి ముందు వ్యాసుడు ధృతరాష్ట్రుడికి చూపు ఇస్తానన్నాడు. తన వాళ్లు చావడం కళ్లారా చూడలేనని రాజు వద్దన్నాడు. కానీ జరిగేదంతా వినాలన్నాడు. అందుకే దివ్యదృష్టి సంజయుడికి దక్కింది. భీష్ముడు పడిపోయాడన్న మాటే ముందు రాజు చెవిన పడుతుంది. ఫలితం తెలిసిపోయాక కూడా, ఎలా పడ్డాడు, ఎవరు కొట్టారు, పక్కన ఎవరున్నారు అని మొదటి నుంచీ చెప్పించుకుంటాడు.
>
> గ్రీకు తత్వవేత్త ప్లేటో తన ‘రిపబ్లిక్’ నాలుగో భాగంలో లియోంటియస్ అనే అతని సంగతి చెప్పాడు. ఏథెన్స్ గోడ బయట, మరణశిక్ష పడ్డవాళ్ల శవాలు ఉన్నచోటు మీదుగా వెళ్తూ మొహం కప్పుకుని తనతో తాను కాసేపు పోరాడతాడు. చివరికి ఓడిపోయి, పరుగెత్తుకెళ్లి, కళ్లను పెద్దవి చేసి, చూసి చావండి అన్నట్టు తన కళ్లనే తిట్టిపోస్తాడు.

చూడటం కాపలా అనిపిస్తుంది

మనిషి మనసు మంచికంటే చెడును ముందు పట్టుకుంటుంది. పది మంది మెచ్చుకున్న రోజున ఒక్కరు అన్న మాటే రాత్రి గుర్తొస్తుంది. ప్రమాదాన్ని ముందుగా పసిగట్టినవాడే బతికి బట్టకట్టిన కాలం నుంచి వచ్చిన లక్షణం ఇది. పొదలో కదలిక ఉంటే కన్ను అటే పోవాలి. కదిలింది గాలి అయితే నష్టం లేదు. పాము అయి, చూడకపోతే ప్రాణం పోతుంది.

దానికి తోడు, ఏమవుతుందో తేలని విషయం మనసును ఇంకా గట్టిగా లాగుతుంది. 2016లో అచ్చయిన ఒక చిన్న ప్రయోగం దీన్ని బాగా చూపించింది. వివరాలు పక్క బాక్సులో ఉన్నాయి. షాక్ కొడుతుందని తెలిసిన పెన్నుకంటే, కొడుతుందో కొట్టదో తెలియని పెన్నులనే జనం ఎక్కువగా నొక్కారు. దోహా రాత్రి కూడా అలాంటిదే. ఇంకో క్షిపణి వస్తుందో రాదో తెలియదు. తర్వాతి వీడియోలో తెలుస్తుందేమోనన్న ఆశ. తెలియదు. మళ్లీ ఇంకొకటి.

ఇవన్నీ నిజమే. కానీ భీమ్‌గల్ తల్లి మాటలో ఇంతకంటే లోతైనది ఇంకోటి ఉంది. "వాడాడ ఉంటే నేనీడ ఎట్ల పండుకుంట" అన్నది ఆమె. బిడ్డకు జ్వరమొస్తే తల్లి రాత్రంతా పక్కన కూర్చుంటుంది. మందు వేశాక ఆమె చేసేదేమీ ఉండదు. అయినా లేవదు. ఆ కూర్చోవడమే ఆమె చేతిలో ఉన్న పని. మూడు వేల కిలోమీటర్ల దూరంలో ఉన్న బిడ్డ పక్కన కూర్చోవడానికి ఆమెకు మిగిలిన దారి ఆ ఫోను. చూడటం మానేస్తే బిడ్డను ఒంటరిగా వదిలేసినట్టు అనిపిస్తుంది. కన్ను కాపలా కాస్తున్నానని నమ్ముతుంది.

అందుకే "ఫోన్ పక్కన పడెయ్" అనే సలహా ఇక్కడ పనిచేయదు. తన బిడ్డ మంచం పక్క నుంచి లేచిపొమ్మన్నట్టే ఆమె దాన్ని వింటుంది. ఈ కథనంలో చెప్పదలచుకున్న ముఖ్యమైన మాట ఇదే: బాధపెట్టేదాన్ని మనం ఊరికే ఆగకుండా చూడం. అక్కడ మనది ఏదో ఉంటుంది, దానికోసం చేయడానికి చేతిలో మాత్రం ఏమీ ఉండదు. ప్రేమ ఉండి పని లేనప్పుడు అదంతా కళ్లలోకి చేరుతుంది.

> షాక్ పెన్నుల ప్రయోగం
>
> పరిశోధకులు క్రిస్టఫర్ సీ, బోవెన్ రువాన్ కాలేజీ విద్యార్థులను గదిలోకి పిలిచి, ఎదురుచూస్తూ కూర్చోమన్నారు. బల్లమీద పది పెన్నులున్నాయి. కొందరికి ఏ పెన్ను షాక్ కొడుతుందో, ఏది కొట్టదో రంగు స్టిక్కర్లతో ముందే చెప్పారు. మిగతావాళ్లకు చెప్పలేదు. తెలిసినవాళ్లు సగటున మూడు పెన్నులు నొక్కారు. తెలియనివాళ్లు ఐదు నొక్కారు. నొక్కకుండా ఊరుకుంటే ఎవరికీ ఏ నష్టమూ లేదు. 2016లో ‘సైకలాజికల్ సైన్స్’ పత్రికలో ఈ ఫలితాలు వచ్చాయి.

‘అంతా మంచిగున్నది’

గల్ఫ్ కుటుంబాల్లో ఈ చూపును పెంచే కారణం ఇంకొకటి ఇంట్లోనే పుడుతుంది. అది అబద్ధం. ప్రేమతో చెప్పే అబద్ధం.

అక్కడి నుంచి ఫోన్ చేసే ఏ కొడుకూ నిజం పూర్తిగా చెప్పడు. యాభై డిగ్రీల ఎండలో పని ఉన్నా, మూడు నెలల జీతం ఆగినా, పాస్‌పోర్టు కంపెనీ దగ్గరే ఉండిపోయినా, "అంతా మంచిగున్నది" అనే అంటాడు. వీడియో కాల్‌లో వెనక గోడ కనపడకుండా ఫోను మొహానికి దగ్గరగా పెట్టుకుంటాడు. ఇటు తల్లి కూడా అంతే. తండ్రికి గుండె నొప్పి వచ్చి నిజామాబాద్ ఆస్పత్రిలో ఉన్నా "బాపు పొలం కాడికి పోయిండు" అంటుంది. ఇద్దరూ ఒకరినొకరు కాపాడుకుంటున్నారు. ఇద్దరికీ అవతలివాళ్లు దాస్తున్నారని తెలుసు.

ఫలితం ఏమిటంటే, కొడుకు మాటకు విలువ తగ్గిపోతుంది. ఎప్పుడూ మంచిగుందనేవాడు ఈ రాత్రి మంచిగుందంటే ఎలా నమ్మడం? తెర మీద మంటలు అబద్ధం చెప్పవనిపిస్తుంది. పదకొండున్నరకు కొడుకు గొంతు విన్నాక కూడా ఆ తల్లి మూడింటి దాకా ఎందుకు చూసిందో ఇక్కడ అర్థమవుతుంది. ఆమె వెతుకుతున్నది కొడుకు చెప్పనిదాన్ని.

నిజానికి తెరే ఎక్కువ అబద్ధాలు చెప్పింది. యుద్ధం ఎక్కడ మొదలైనా పాత వీడియోలు, వేరే దేశాల పేలుళ్లు కొత్తవిగా తిరుగుతాయి. ‘ఆర్మా 3’ అనే కంప్యూటర్ ఆటలోని దృశ్యాలు అసలు యుద్ధంగా చలామణి కావడం చాలాసార్లు జరిగింది. 2025 మేలో భారత్, పాకిస్తాన్ ఘర్షణ రోజుల్లో కేంద్ర ప్రభుత్వ పీఐబీ ఫ్యాక్ట్‌చెక్ విభాగం ఇలాంటివాటిని ఒకదాని తర్వాత ఒకటి ఖండించాల్సి వచ్చింది. రాత్రి రెండింటికి భీమ్‌గల్‌లో ఫోను చూస్తున్న తల్లికి ఆ ఖండన చేరదు. మంట చేరుతుంది.

అమ్మేసిన పసుపు, ఆగిపోయిన పొగ

ఈ చూపు గల్ఫ్ ఇళ్లకే పరిమితం కాదు. ఇదే జిల్లాలో దీని ఇంకో రూపం పసుపు రైతు దగ్గర కనిపిస్తుంది.

పసుపు తొమ్మిది నెలల పంట. తవ్వి, ఉడకబెట్టి, ఆరబెట్టి, మెరుగు పట్టించి నిజామాబాద్ మార్కెట్ యార్డుకు తెచ్చేసరికి రైతు చేతిలో ఓపిక, ఇంట్లో డబ్బు రెండూ అయిపోయి ఉంటాయి. వచ్చిన రేటుకు అమ్మేస్తాడు. ఆ తర్వాత రోజూ ఫోనులో రేటు చూస్తాడు. 2016లో ఆన్‌లైన్ జాతీయ వ్యవసాయ మార్కెట్ ఈ-నామ్ మొదలైనప్పుడు దేశంలో తొలి విడత చేరిన మార్కెట్లలో నిజామాబాద్ ఒకటి. అప్పటి నుంచి ఏ రోజు కొమ్ము ఎంత పలికింది, మండ ఎంత పలికింది, వేలి చివరనే ఉంది. 2024 మార్చిలో ఇక్కడ క్వింటాలు ధర 18 వేల రూపాయలు దాటింది. అంతకు కొన్నేళ్ల ముందు ఐదారు వేలకే అమ్ముకున్నవాళ్లు, ఆ సీజన్‌లోనే కొన్ని వారాల ముందు తక్కువకు అమ్ముకున్నవాళ్లు ఆ అంకెను ఎలా చూసి ఉంటారో ఆలోచించండి.

"అమ్మినంక రేటు సూసుడెందుకు అంటది మా ఇంటామె. ఎంత పోయిందో ఎరుక గావాలె గద?" అన్నాడు భీమ్‌గల్ దగ్గరి పల్లె రైతొకాయన. ఎంత పోయిందో తెలిసి ఏం చేస్తావని అడిగితే జవాబు లేదు. వచ్చే ఏడు ఎప్పుడు అమ్మాలో తెలుస్తుంది అన్నాడు తర్వాత. అందులో కొంత నిజముంది. ఒకసారి చూడటం వచ్చే ఏటికి పాఠం. రోజుకు పదిసార్లు చూడటం తనకు తాను వేసుకునే శిక్ష.

అక్కడి నుంచి బోధన్ వెళ్తే ఫోను అవసరం కూడా లేదు. శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్స్ కళ్లెదుటే ఉంది. 1937లో ఏడో నిజాం కాలంలో మొదలై, ఒకప్పుడు ఆసియాలోనే అతి పెద్ద చక్కెర కర్మాగారంగా పేరు తెచ్చుకుంది. 2002లో 51 శాతం వాటా ప్రైవేటు చేతికి వెళ్లింది. 2015 డిసెంబరు 23న లేఆఫ్ ప్రకటించారు. బోధన్‌తో పాటు ముత్యంపేట, మంబోజిపల్లి యూనిట్లూ ఆగిపోయాయి. చెరకు బండ్లు వరుస కట్టాల్సిన చలికాలంలో గేటు మూతపడింది. అక్కడ పనిచేసినవాళ్లు ఆ దారినే బజారుకు పోవాలి, ఆ గోడ పక్కనే బస్సెక్కాలి. వేరే దారి ఉన్నా చాలామంది ఈ దారినే పోతారు. పోతూ పొగగొట్టం వైపు చూస్తారు.

ఆ చూపును జబ్బు అనలేం. మా బతుకు ఇక్కడ ఉండేది, దాన్ని మేం మరిచిపోలేదు అని అది చెబుతుంది. ఫ్యాక్టరీ తెరవాలన్న డిమాండు ఇన్నేళ్లు బతికుందంటే, తెరిపించే దారులు చూడటానికి 2024లో ప్రభుత్వం మంత్రి శ్రీధర్‌బాబు అధ్యక్షతన కమిటీ వేయాల్సి వచ్చిందంటే, కళ్లు తిప్పుకోని మనుషులు ఉండబట్టే. బాధపెట్టే దృశ్యాన్ని చూడటం ప్రతిసారీ చెడ్డది కాదు. ఆ చూపు మనల్ని ఎటు నడిపిస్తుందన్నదే తేడా.

మన చూపు, వాళ్ల లాభం

గోడను చూసే కార్మికుడికి గోడ ఎదురు తిరిగి ఏమీ చూపించదు. ఫోను అలా కాదు. మనం దేని దగ్గర రెండు క్షణాలు ఎక్కువ ఆగామో గుర్తుపెట్టుకుని అదే మళ్లీ తెచ్చి ముందు పెడుతుంది. మంటల వీడియో దగ్గర ఆగిన తల్లికి ఇంకో మంటల వీడియో వస్తుంది. ఆమె అడగలేదు. ఆమె ఆగింది, అంతే.

వార్తల వ్యాపారానికీ ఈ సంగతి బాగా తెలుసు. అమెరికాలోని అప్‌వర్తీ అనే వెబ్‌సైటు వాడి చూసిన లక్షకు పైగా శీర్షికలను పరిశీలించిన పరిశోధకులు 2023లో ఫలితాలు వెల్లడించారు. శీర్షికలో ప్రతికూలమైన మాట ఒక్కటి పెరిగితే దాన్ని నొక్కేవాళ్లు సగటున 2.3 శాతం పెరిగారు. శాతం చిన్నదే. కోట్ల తెరల మీద అది పెద్ద ఆదాయం. మన ఛానళ్లు కూడా ఒకే క్షిపణిని ఎర్ర గుండ్రంలో పెట్టి, సంగీతం జోడించి, గంటల తరబడి తిప్పుతున్నాయి. కొత్త విషయం ఏమీ లేకపోయినా కింద ‘బ్రేకింగ్’ పట్టీ ఆగదు.

చూడటం ఎంత గాయం చేస్తుందో ఈ వ్యాపారంలోనే సాక్ష్యం ఉంది. ఫేస్‌బుక్‌లో ఘోరమైన దృశ్యాలను తొలగించడానికి రోజంతా వాటినే చూసే ఉద్యోగులు ఉంటారు. అలాంటి పని మన హైదరాబాద్‌లోనూ జరిగింది. ఆ పని వల్ల మానసికంగా దెబ్బతిన్నామని అమెరికాలోని మోడరేటర్లు వేసిన కేసులో 2020లో ఆ సంస్థ 5.2 కోట్ల డాలర్లు చెల్లించడానికి ఒప్పుకుంది. జీతం తీసుకుని, షిఫ్టు ప్రకారం చూసినవాళ్ల సంగతే అది. జీతం, షిఫ్టు, సెలవు ఏదీ లేకుండా, తన బిడ్డ ఉన్న చోటునే చూసే తల్లి సంగతి ఏమిటి?

తెల్లారాక

2013 ఏప్రిల్‌లో బోస్టన్ మారథాన్ పరుగులో బాంబులు పేలాయి. ఆ తర్వాత అమెరికాలో 4,675 మందిని పరిశోధకులు అడిగి చూశారు. పేలుడు తర్వాతి వారంలో రోజుకు ఆరు గంటలు, అంతకంటే ఎక్కువ ఆ వార్తలు చూసినవాళ్లు, పేలుడు చోట స్వయంగా ఉన్నవాళ్లకంటే ఎక్కువ ఒత్తిడికి గురైనట్టు చెప్పారు. అక్కడ ఉన్నవాడికి ఆ ఘటన ఒకసారి జరిగింది. తెర ముందు ఉన్నవాడికి అది రోజంతా జరుగుతూనే ఉంది.

భీమ్‌గల్‌లో దీని ఖర్చు బీడీల లెక్కలో తేలుతుంది. రాత్రి మేలుకున్న మనిషి వేళ్లు పొద్దున సాగవు. రోజూ చుట్టే బీడీలు తగ్గుతాయి, కూలీ తగ్గుతుంది. బీపీ మాత్ర వేసుకోవడం మరిచిపోతారు. ఇంట్లో పిల్లలు నాయనమ్మ మొహం చూసి, తెర చూసి, నాన్నకు ఏమైందోనని అడగకుండానే భయపడతారు. అవతల కొడుక్కి అర్ధరాత్రి పది మిస్డ్‌కాల్స్ వస్తాయి. వాడు తెల్లవారుజామున నాలుగింటికి లేచి డ్యూటీ బస్సెక్కాలి. ఇక్కడి భయం అక్కడికి, అక్కడి అలసట ఇక్కడికి చేరుతూ ఉంటుంది.

ఇలాంటి రాత్రుల తర్వాత మోసగాళ్లూ బయల్దేరతారు. మీవాణ్ని తొందరగా పంపిస్తాం, టికెట్ ఇప్పిస్తాం, కాగితాలు చేయిస్తాం అని డబ్బు అడుగుతారు. భయపడిన మనిషి ప్రశ్నలు అడగడు.

చూడక తప్పనిది

ఒక చూపు గురించి మాత్రం ఎవరూ సలహా చెప్పకూడదు. గల్ఫ్‌లో చనిపోయిన మనిషి శవపేటిక శంషాబాద్ విమానాశ్రయానికి రావడానికి రోజులు, ఒక్కోసారి వారాలు పడుతుంది. పోలీసు కాగితం, ఆస్పత్రి కాగితం, కంపెనీ కాగితం, ఎంబసీ అనుమతి, ఎంబామింగ్. అన్నాళ్లూ ఇంట్లోవాళ్ల దగ్గర ఉండేది, అక్కడి తోటి కార్మికుడు వాట్సాప్‌లో పంపిన ఒక ఫోటో. మొహం గుర్తుపట్టడానికి పంపినది. ఆ భార్య దాన్ని రోజుకు ఎన్నిసార్లు తెరుస్తుందో ఇంట్లోవాళ్లకు తెలుసు. తీసెయ్యమని ఫోను లాక్కునేవాళ్లు ఉంటారు.

లాక్కోకండి. మన ఇళ్లలో చనిపోయిన మనిషి పక్కన కూర్చుంటాం, మొహం కడుగుతాం, చివరిచూపు అని ఊరంతా వచ్చి చూస్తుంది. ఆ హక్కు ఆమెకు దక్కలేదు. ఆ ఫోటో ఒక్కటే దక్కింది. ఆమె పక్కన కూర్చోవడం, అన్నం పెట్టడం, కాగితాల వెంట తిరగడం చేయగలం. త్వరగా ఇంటికి తేగలిగితే ఆ ఫోటో అవసరం తగ్గుతుంది. ఇక్కడ మందు ఆఫీసుల్లో ఉంది.

> ఎవరిని అడగాలి?
>
> • విదేశాల్లో ఉన్న కార్మికుల సమస్యలకు ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం టోల్‌ఫ్రీ నంబరు 1800 11 3090. కేంద్ర విదేశాంగ శాఖ ‘మదద్’ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయవచ్చు.
>
> • నిద్ర పట్టకపోవడం, దడ, ఆగని ఆందోళన ఉంటే టెలి-మానస్ 14416. 2022 అక్టోబరులో మొదలైన ఈ ఉచిత సేవలో తెలుగులో మాట్లాడవచ్చు.
>
> • ఈసీఆర్ (వలసకు ముందస్తు అనుమతి అవసరమైన) పాస్‌పోర్టు మీద వెళ్లేవాళ్లకు ప్రవాసీ భారతీయ బీమా యోజన ఉంది. ప్రమాదంలో మరణిస్తే, శాశ్వతంగా అంగవైకల్యం కలిగితే 10 లక్షల రూపాయలు. గడువు తీరితే రెన్యువల్ మరవొద్దు.
>
> • గల్ఫ్‌లో చనిపోయిన తెలంగాణ కార్మికుల కుటుంబాలకు 5 లక్షల రూపాయల సాయం ఇవ్వాలని రాష్ట్ర ప్రభుత్వం 2024లో నిర్ణయించింది. హైదరాబాద్ ప్రజాభవన్‌లో ప్రవాసీ ప్రజావాణి నడుస్తోంది.

చూపుకు పని దొరికితే

ముందు ఇంట్లో చేయగలిగినవి. కొడుకు బయల్దేరే ముందే ఒక ఒప్పందం పెట్టుకోండి. ఏదైనా జరిగితే మొదట ఎవరికి ఫోన్ చేస్తాడు, ఫోన్ కలవకపోతే రూములో ఎవరి నంబరు, కంపెనీ పేరు, క్యాంపు ఉన్న చోటు, ఇవన్నీ ఒక కాగితం మీద రాసి గోడకు అంటించండి. గండం వచ్చిన రాత్రి ఇంట్లో ఒక్కరే వార్త చూడాలి. గంటకోసారి చూసి మిగతావాళ్లకు మాటల్లో చెప్పాలి. మాటకు మంటల రంగు ఉండదు. ఫోనులో వీడియోలు వాటంతట అవి నడవకుండా సెట్టింగు మార్చడం పదో తరగతి పిల్లవాడికి వచ్చు, వాడితో చేయించండి.

గల్ఫ్‌లో ఉన్న తమ్ముళ్లకు, బిడ్డలకు ఒక మాట. మీ అమ్మకు నిజం చెప్పండి. "జీతం నెల ఆగింది, అడుగుతున్నం" అని చెప్పండి. చిన్న కష్టాలు చెప్పే కొడుకు, క్షేమంగా ఉన్నానన్న రోజున ఆ మాటకు బరువు ఉంటుంది. అప్పుడు ఆమె ఫోన్ పెట్టేసి పడుకోగలదు.

అయితే ఇళ్ల మీద మాత్రమే భారం వేస్తే అన్యాయం. క్షిపణుల దాడి జరిగిన ఆ రాత్రి ఖతర్‌లోని భారతీయులు జాగ్రత్తగా ఉండాలని, బయటికి రావొద్దని దోహాలోని భారత రాయబార కార్యాలయం సూచన ఇచ్చింది. అలాంటి సూచన తల్లి చదివే భాషలో, ఆమె ఫోనుకు, ఆ గంటలోనే చేరాలి. ఎవరు గల్ఫ్‌లో ఏ నగరంలో ఉన్నారో వార్డువారీగా జాబితా ఉండాలి. కలెక్టరేట్‌లో ఒక నంబరు రాత్రంతా పలకాలి. దోహాలో పరిస్థితి ఇది, విమానాలు ఎప్పటి నుంచి నడుస్తాయి, ఎవరికీ హాని జరగలేదు అని గంటకోసారి తెలుగులో గొంతు రికార్డు చేసి వాట్సాప్‌లో పంపితే చాలు. నమ్మదగిన మాట వచ్చే చోట కళ్లు వెతుకులాట మానుకుంటాయి.

ఇది జరగదని అనుకునేవాళ్లు ఇదే జిల్లా చరిత్ర గుర్తు చేసుకోవాలి. పసుపు ధర పడిపోవడం ఏళ్ల తరబడి చూసి చూసి విసిగిన రైతులు 2019 లోక్‌సభ ఎన్నికల్లో ఏకంగా 178 మంది నిజామాబాద్ నుంచి పోటీకి దిగారు. మొత్తం అభ్యర్థులు 185 మంది. పసుపు బోర్డు కావాలి, గిట్టుబాటు ధర కావాలి అన్నది వాళ్ల మాట. దేశమంతా ఇటు తిరిగి చూసింది. 2025 జనవరి 14న జాతీయ పసుపు బోర్డు నిజామాబాద్‌లోనే మొదలైంది. ధరల చిక్కు తీరిపోయిందని ఎవరూ అనరు. కానీ ఒక్కొక్కరు ఎవరి ఇంట్లో వాళ్లు చూసి కుమిలిన అంకెను అందరూ కలిసి నామినేషన్ కాగితంగా మార్చినప్పుడు ఏం జరుగుతుందో ఈ నేల చూసింది.

గల్ఫ్ ఇళ్లు కూడా ఆ పని చేయగలవు. ప్రతి వార్డులోనూ పది ఇళ్లవాళ్లు కలిసి మున్సిపాలిటీకి, కలెక్టరేట్‌కు ఒక్క దరఖాస్తు పెట్టాలి: మా వాళ్ల జాబితా రాసుకోండి, గండం వచ్చిన రాత్రి మాకు తెలుగులో కబురు చెప్పండి, రాత్రంతా పలికే నంబరు ఇవ్వండి. దీనికి పెద్ద నిధులు అక్కర్లేదు, కొత్త చట్టం అక్కర్లేదు. యుద్ధాలు చెప్పి రావు కాబట్టి, అడగాల్సింది ప్రశాంతంగా ఉన్న రోజుల్లోనే.